అన్న పళ్లు, నా పళ్లు

పొదిలి నుంచి మా పెదనాన్న కొడుకు మొదటిసారి ఢిల్లీ వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. అప్పుడు మేం ఆర్.కె. పురంలో ఉండేవాళ్లం. నాన్న సేవాభవన్‌లో, అంటే కేంద్ర జల సంఘం ఆఫీసులో గుమాస్తా. అన్న ఏదో సర్కారు కొలువుకి ఇంటర్వ్యూ ఉందని జీటీ ఎక్స్‌ప్రెస్ దిగాడు. ఒక చేతిలో రేకుపెట్టె, ఇంకో చేతిలో మా నాయనమ్మ పంపిన గోంగూర పచ్చడి జాడీ. మనిషి ఆరడుగులు, మాట గంభీరం. నవ్వొస్తే మాత్రం అరచెయ్యి తనకు తెలియకుండానే నోటికి అడ్డం పోయేది. పక్క క్వార్టర్ పంజాబీ ఆంటీ అది మొహమాటం అనుకుని ముచ్చటపడింది. అమ్మకి అసలు సంగతి తెలుసు. "గారపళ్లు పాపం వాడికి. ఇంటర్వ్యూలో నోరు తెరవాలంటే ఎట్టా ఉంటదో" అంది.

ఆ వారమే నాకు దవడ పన్ను సలుపు మొదలైంది. ఇద్దర్నీ కలిపి డిస్పెన్సరీకి తోలింది అమ్మ. నాకు నొప్పి తగ్గాలి, వాడి గార ఏమన్నా గీకించుకోవచ్చేమో కనుక్కోవాలి.

అక్కడి పళ్ల డాక్టరు బఠిండా వైపు సర్దార్జీ. ముందు అన్న నోట్లోకి చూశాడు. ఏ పేస్టు వాడతావనిగానీ, రోజూ తోముకుంటావా అనిగానీ అడగలేదు. "ఊళ్లో ఎన్నేళ్ల దాకా ఉన్నావు? తాగేది చెరువు నీళ్లా, బావి నీళ్లా?" అన్నాడు. హిందీలో అడిగింది నేను తెలుగులో చెప్పాను. "పుట్టినకాడ్నుంచీ అక్కడే. బావి నీళ్లే" అన్నాడు అన్న. డాక్టరు తల ఊపి, గార గీకితే పోయేది కాదని, అది పన్ను లోపలే ఉందని చెప్పాడు. తర్వాత నా వంతు. తెల్లటి పళ్లు, వాటిలో మూడు పిప్పిపళ్లు. ఆయన అద్దం పుల్ల పక్కన పెట్టి నవ్వాడు. "ఇతనివి చూడ్డానికి బాగోవు, కానీ ఒక్కటీ పుచ్చలేదు. నీవి ముత్యాల్లా ఉన్నాయి, మూడు పుచ్చాయి. మీ అన్నదమ్ములు నీళ్లు కలిపి పంచుకుని తాగి ఉంటే ఇద్దరికీ బాగుండేది."

హాస్యానికి అన్నాడనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, పళ్ల జబ్బులు రాకుండా ఊరు ఊరంతటినీ కాపాడవచ్చునన్న ఆలోచన ఈ లోకంలో పుట్టింది అచ్చంగా ఆ పోలికలోంచేనని.

మనకి పళ్లంటే తోముడే గుర్తొస్తుంది. వేపపుల్ల, కానుగ పుల్ల, కచ్చిక, ఉప్పు, బొగ్గు, తర్వాత పళ్లపొడి, ఆ తర్వాత పేస్టు. తోముకుంటే మంచి పళ్లు, తోముకోకపోతే చెడ్డ పళ్లు. అంటే పళ్లు బాగాలేనివాడు బద్ధకస్తుడనే తీర్పు. గారపళ్ల పిల్లలు బళ్లో పడ్డ అవమానంలో సగం ఈ తీర్పు వల్లే. వాళ్లలో కొందరు ఇటుకపొడి పెట్టి రక్తం వచ్చేలా తోముకున్నవాళ్లున్నారు. అన్న కూడా తోమాడట. తోమితే పోయేది కాదని వాళ్లకు చెప్పేవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. ఎందుకంటే అది చెప్పగలిగిన సంగతి బయటపడటానికే ముప్ఫై ఏళ్లు పట్టింది, అదీ అమెరికాలో.

1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ అనే కొండ ఊళ్లో దుకాణం తెరిచాడు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లల పళ్లమీద గోధుమరంగు మచ్చలు చూసి నిర్ఘాంతపోయాడు. కొందరికైతే పన్ను మొత్తం చాకొలెట్ రంగు. పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఊళ్లోవాళ్లని అడిగితే తలో కారణం చెప్పారు. పంది మాంసం ఎక్కువ తినడమన్నారు, పాలు మంచివి కావన్నారు, నీళ్లలో సున్నం ఎక్కువన్నారు. పెద్ద డాక్టర్లకు పట్టలేదు. అతను మాత్రం వదల్లేదు. 1909లో షికాగో నుంచి జి.వి. బ్లాక్‌ని రప్పించగలిగాడు. ఆధునిక దంతవైద్యానికి పితామహుడని పేరున్న మనిషి బ్లాక్. ఇంత కొట్టొచ్చినట్టు కనిపించే జబ్బు ఇన్నాళ్లూ ఎవరూ రాయకుండా ఉన్నారంటే ఆయన మొదట నమ్మలేదు. కళ్లారా చూశాక 1915లో చనిపోయేదాకా దాని వెంటే పడ్డాడు.

ఇద్దరూ కలిసి రెండు సంగతులు పట్టుకున్నారు. ఒకటి, పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చినవాళ్లకు మచ్చలు రావు. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే పుట్టింది మొదలు సుమారు ఎనిమిదేళ్ల దాకా, అక్కడ ఉన్న పిల్లలకే వస్తాయి. మా నాన్న పళ్లకు అన్నవాటికి పట్టినట్టే గార పట్టింది, అదే బావి కాబట్టి. నావాటికి పట్టలేదు, నేను ఆర్.కె. పురం కుళాయి నీళ్లు తాగి పెరిగాను కాబట్టి. రెండోది వాళ్లకే అంతుచిక్కలేదు. ఈ మచ్చల పళ్లు పుచ్చడం లేదు! పైపొర సరిగా గట్టిపడని పళ్లు ముందు పుచ్చాలి గదా. ఇవి వేరే ఊళ్ల తెల్ల పళ్లకన్నా గట్టిగా నిలబడుతున్నాయి.

సర్దార్జీ నవ్విన నవ్వు ఇదే.

మెకేకి నీళ్లమీద అనుమానం. కానీ నీళ్లు పరీక్ష చేయిస్తే ఏమీ దొరకదు. 1923లో ఐడహోలోని ఓక్లీ అనే ఊరివాళ్లు కబురుపెట్టారు. అయిదు మైళ్ల దూరంలోని వేడినీటి ఊట నుంచి ఊరికి గొట్టం వేశాకే పిల్లల పళ్లు చెడ్డాయని తల్లులు గమనించారు. ఏ రసాయనం చేస్తోందో తెలియకుండానే, ఆ గొట్టం వదిలేయండి, వేరే ఊట చూసుకోండి అన్నాడు మెకే. వాళ్లు మాట విన్నారు. కొన్నేళ్లకు తర్వాతి పిల్లలకు మచ్చల్లేని పళ్లొచ్చాయి. నా మట్టుకు ఈ కథలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే. కారణం తేలేదాకా ఆగుదామని ఎవరూ అనలేదు. తల్లుల మాట నమ్మి నీళ్లు మార్చారు.

కారణం తేల్చింది పళ్ల డాక్టరు కాదు, ఒక కంపెనీ కెమిస్టు. ఆర్కన్సా రాష్ట్రంలో బాక్సైట్ అని అల్యూమినియం గనుల ఊరు ఉంది. అక్కడ లోతు బావులు తవ్వి నీళ్లిచ్చాక పెరిగిన పిల్లలకు మచ్చలు వచ్చాయి. దగ్గర్లోని బెంటన్ పట్నంలో రాలేదు. మెకే, ప్రభుత్వ వైద్యుడు గ్రోవర్ కెంఫ్ వెళ్లి చూసి రిపోర్టు రాశారు. అది ఆ గనుల కంపెనీ ప్రధాన రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్ బల్ల మీదికి చేరింది. అప్పట్లో సత్తు గిన్నెల్లో వండితే విషమనే పుకారు అమెరికా అంతా తిరుగుతోంది. ఇప్పుడు అల్యూమినియం ఊళ్లోనే పిల్లల పళ్లు చెడ్డాయంటే ఇక గిన్నెలు అమ్ముడుపోయినట్టే. అందుకని చర్చిల్ నీళ్లను మామూలు పరీక్షలతో సరిపెట్టకుండా, కాంతిని విడగొట్టి మూలకాలను పట్టే యంత్రంలో పెట్టించాడు. ఎవరూ వెతకనిది దొరికింది. ఫ్లోరైడ్, లీటరుకు 13.7 మిల్లీగ్రాములు. అది 1931. పళ్ల శాస్త్రానికి తాళం చెవి దొరికింది సత్తు గిన్నెల వ్యాపారం కోసమన్నమాట.

అక్కడి నుంచి కథ తిరగబడింది. అమెరికా ప్రజారోగ్య శాఖలో ట్రెండ్లీ డీన్ అనే దంతవైద్యుడు ఊరూరా నీళ్లు కొలిపించి, పిల్లల నోళ్లు చూసి లెక్క కట్టాడు. నాలుగు రాష్ట్రాల్లో 21 పట్నాలు, పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వయసు పిల్లలు ఏడువేల పైచిలుకు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర మచ్చలు దాదాపు కనబడవు, పుచ్చులు మాత్రం బాగా తగ్గుతాయి. అది తేలాక 1945 జనవరి 25న మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్నం తన మంచినీళ్లలో కావాలని ఫ్లోరైడ్ కలిపింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి ఊరు అదే. పదిహేనేళ్ల పథకంగా సుమారు ముప్ఫైవేల మంది బడిపిల్లలను గమనించారు. పదకొండేళ్లకే, ఫ్లోరైడ్ కలిపాక పుట్టినవాళ్లలో పుచ్చులు అరవై శాతానికి పైగా తగ్గాయి. ఏ పిల్లవాడూ అదనంగా బ్రష్షు పట్టలేదు, ఏ తల్లీ అదనంగా డాక్టరు దగ్గరికి పోలేదు. కుళాయి తిప్పారు, అంతే.

ఇప్పుడు మా ఊరికి రావాలి.

మన రైతు ఎద్దును కొనేముందు దాని పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు. పళ్లు చెబుతాయి వయసెంతో, ఎంత సత్తువ మిగిలిందో. 1930ల మొదట్లో నెల్లూరు జిల్లా పడమటి తాలూకాల్లో మొదట తేడా కనిపించింది ఎద్దుల్లోనే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లావి. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. కాడికి కట్టిన ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వెయ్యలేకపోయేవి. అటు నిజాం రాజ్యంలోనూ పశువుల్లో ఇదే తంతని 1934లో మహాజన్ అనే ఆయన రాశాడు. ఎద్దులు తాగే నీళ్లే మనుషులూ తాగుతారు. ముప్ఫై నలభై ఏళ్లకే నడుము వంగి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సిన మనుషులు ఊళ్లలో ఉన్నారు. దాన్ని వాతమన్నారు, కర్మమన్నారు, ఊరికి పట్టిన శాపమన్నారు.

మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది. టీకాలు తయారుచేయడం, నీళ్లు పరీక్షించడం దాని పని. అప్పట్లో దాని డైరెక్టరు హెన్రీ షార్ట్, అస్సాంలో కాలా అజార్ మీద పనిచేసి వచ్చిన సైనిక వైద్యుడు. (తర్వాత 1948లో లండన్‌లో, మలేరియా క్రిమి ముందు మనిషి కాలేయంలో దాక్కుంటుందని గార్న్‌హామ్‌తో కలిసి తేల్చింది కూడా ఈయనే.) ఆయన, మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి 1937లో మద్రాసు రాజధానిలో ఊళ్లకు ఊళ్లనే పట్టిన ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు గురించి ప్రకటించారు. అదే ఏడాది షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లా గురించి విడిగా రాశారు. ఎక్స్‌రేలో వెన్నెముక పూసలు కలిసిపోయి, కండరాల అతుకుల దగ్గర ఎముక కొమ్ములు తొడిగి కనిపించింది. డెన్మార్క్‌లో క్రయొలైట్ దుమ్ము పీల్చే ఫ్యాక్టరీ కూలీల్లో ఇలాంటి ఎముకలు అంతకు అయిదేళ్ల ముందే కనబడ్డాయి. ఇక్కడ ఫ్యాక్టరీ లేదు, దుమ్ము లేదు. ఊరి బావి ఉంది.

కొలరాడోలో మచ్చలతో ఆగిన జబ్బు మన దగ్గర వెన్నెముక దాకా ఎందుకు పోయిందంటే కారణాలు నాలుగైదున్నాయి. మా నేల కింద గ్రానైటు, అందులో ఫ్లోరైడున్న ఖనిజాలు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్లు రాళ్లతో ఏళ్లకేళ్లు కాపురం చేస్తాయి, వాటిలో సున్నపు పాలు తక్కువ కాబట్టి ఫ్లోరైడు విడిపోయి నీళ్లలోనే ఉండిపోతుంది. పొలంలో పనిచేసేవాడు చలిదేశపు మనిషిలా రోజుకు నాలుగు గ్లాసులు తాగి ఊరుకోడు. ముంతలకు ముంతలు తాగుతాడు. లీటరు లెక్క ఒకటే అయినా ఒంట్లోకి పోయే లెక్క వేరు. డీన్ చెప్పిన ఆ "ఒకటి" ఆయన కొలిచిన ఇల్లినాయ్ లాంటి చలి రాష్ట్రాల్లో తేలిన ఒకటి. మేనెలలో పొదిలికి అది వర్తించదు. పైగా పాలు, పప్పు కూడా సరిగా అందని ఒంట్లో ఫ్లోరైడు ఇంకా రెచ్చిపోతుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు 1973లో నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి రాసినప్పుడు ఈ తిండి సంగతి కూడా ఎత్తారు.

1937 నాటి ఆ పేర్లలో ఒకటి నన్ను వదలదు. గిండీలో మా నెల్లూరు నీళ్ల మీద పనిచేసిన పండిట్, స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీలో భారత వైద్య పరిశోధన మండలికి మొదటి డైరెక్టరయ్యాడు. ఆ మండలి ఆఫీసు అన్సారీ నగర్‌లో, ఎయిమ్స్ పక్కన. ఆర్.కె. పురం నుంచి బస్సులో పావుగంట. అంటే మా ఊరి బావి సంగతి మాకన్నా ముందే మా పేటకు చేరింది. ఢిల్లీకి తెలియక కాదు.

తెలిసినవాళ్లు ఏం చేశారన్నది నల్లగొండ కథ. అమెరికాకి నీళ్లలో ఫ్లోరైడు కలపడం పని, మనకి తీయడం పని. తీయడం కష్టం. కలపడానికి చిటికెడు చాలు, తీయడానికి ఏదో ఒకటి దాన్ని పట్టుకుని అడుక్కి లాగాలి. ఎముకల బొగ్గు పట్టుకుంటుంది, కానీ ఎముకలతో వడకట్టిన నీళ్లు మన ఇళ్లలో ఎవరు తాగుతారు? నాగపూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థ, అప్పటికింకా దాని పేరు వేరు, వరిపొట్టు బొగ్గును పటికలో నానబెట్టి చూసింది. రాతిబొగ్గును ఆమ్లంతో మార్చి డిఫ్లోరాన్ అని ఒక సరుకు చేసింది. పనిచేస్తాయి, కానీ కొన్నాళ్లకు వాటి శక్తి ఉడిగిపోతుంది. మళ్లీ పటిక నీళ్లతో కడిగి జీవం పొయ్యాలి. ఆ చాకిరీ ఊళ్లో ఎవరు చేస్తారు?

అన్నిసార్లూ పటిక పేరే వస్తోంది కదా, మరి పటికనే నేరుగా నీళ్లలో వేస్తే? నల్లగొండ పద్ధతి అని పేరు పడింది దీనికే. నవ్‌లఖే, కులకర్ణి, పాఠక్, మన తెలుగాయన కె.ఆర్. బులుసు కలిసి 1975లో దాన్ని ప్రచురించారు. ముందు సున్నం, తర్వాత పటిక, క్రిములు చావడానికి కాస్త బ్లీచింగ్ పౌడర్. మొదట గిరగిరా కలపాలి, తర్వాత పదిపదిహేను నిమిషాలు మజ్జిగ కవ్వంలా నెమ్మదిగా. పటిక నీళ్లలో విరిగి దూదిపింజల్లాంటి తెట్టు కడుతుంది. ఫ్లోరైడు ఆ తెట్టుకి అంటుకుని అడుక్కి దిగుతుంది. సున్నం నీళ్ల పులుపు విరిచి తెట్టును త్వరగా దించుతుంది. గంట ఆగి పైనీళ్లు వంచుకుంటే సరి. బురదనీళ్లలో పటిక తిప్పడం, చిల్లగింజ అరగదీసి కలపడం మన ఆడవాళ్లకి తరతరాల విద్య. నాగపూర్ శాస్త్రజ్ఞులు దానికి పాళ్లు కట్టి, సున్నం తోడిచ్చి, ఇంటి బక్కెట్టు నుంచి ఊరి ట్యాంకు దాకా సాగదీశారు. 1980ల తొలినాళ్లలో కదిరిలో పెద్దయెత్తున ప్లాంటు పెట్టారు. ఆ పేరు టాంజానియా దాకా పోయింది. అరూషా దగ్గర ఎన్‌గుర్‌డోటో అనే ఊళ్లో రెండు బక్కెట్లు ఒకదానిపై ఒకటి పెట్టి ఈ పద్ధతిలోనే నీళ్లు తేర్చారు. ఇథియోపియాలో కూడా అదే పేరు: నల్లగొండ.

బొమ్మ బాగుంది. ఊళ్లో మాత్రం అంత బాగా నడవలేదు. ఏ బావిలో ఫ్లోరైడు ఎంతో, ఆ నీళ్ల గుణమేమిటో చూసి పటిక పాలు మార్చాలి. ఫ్లోరైడు ఎక్కువైన కొద్దీ పటిక ఎక్కువ వేయాలి, నీళ్లు ఉప్పగా, వగరుగా మారతాయి. పాళ్లు తప్పితే అల్యూమినియం మిగిలిపోతుంది. రోజూ అడుగున మిగిలే బురద ఎక్కడ పారెయ్యాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, ప్లాంటు నడిపే మనిషికి నెలనెలా జీతమెవరిస్తారు? మా అన్న ఒకసారి ఉత్తరంలో రాశాడు, ఊళ్లో ఏదో నీళ్ల ట్యాంకు కట్టారుగానీ గేదెలు దాని నీడన పడుకుంటున్నాయని. నీటి మందుకూ ఒంటి మందుకూ ఇదే తేడా. ఒంటి మందు కోర్సు అయిపోతుంది. నీటి మందు కోర్సు ఎప్పటికీ అవదు.

అందుకే నల్లగొండ జనం పటికకు తృప్తిపడలేదు. కృష్ణ నీళ్లు కావాలన్నారు. నాగార్జునసాగర్ వాళ్ల జిల్లాలోనే ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపు మీద జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. బరిలో నిలిచినవాళ్లు 480 మంది. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. అదే ఏడాది తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1033 మంది నిలబడ్డారు. ఇవన్నీ చూశాక ఢిల్లీ చురుగ్గా చేసిన పని ఒకటుంది: లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టు 500 నుంచి 10 వేలకు పెంచింది. నాన్న అప్పటికి రిటైరయ్యాడు. పేపరు మడిచి, "నీళ్ల ఫైలు కన్నా డిపాజిట్టు ఫైలు తొందరగా కదిలిందిరా" అన్నాడు. సేవాభవన్‌లో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు మోసినవాడి మాట. 2003లో ఒక ఫ్లోరోసిస్ బాధిత బాలుణ్ని తీసుకొచ్చి ప్రధాని వాజపేయి ముందు టేబుల్ మీద పడుకోబెట్టారు. తెలంగాణ వచ్చాక మిషన్ భగీరథ పైలాన్ 2015లో చౌటుప్పల్‌లో, ఆ నల్లగొండ నేలమీదే, లేచింది. నదుల నీళ్లు గొట్టాల్లో ఊళ్లకు చేరాయి. ఓక్లీలో జరిగింది అదే: నీళ్లు శుద్ధి చేయడం కాదు, వేరే నీళ్లు. మా ప్రకాశం వైపు వెలిగొండ ప్రాజెక్టుకు 1996లోనే శంకుస్థాపన అయింది. సొరంగాలు తవ్వడానికే ఒక తరం గడిచిపోయింది.

ఢిల్లీ మాత్రం దీనికి అతీతమా? కాదు. మా ఆర్.కె. పురం ఉన్న నైరుతి వైపే, పాలం, నజఫ్‌గఢ్ ఊళ్ల భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఉంది. యమున నీళ్ల కుళాయి ఉన్న క్వార్టర్లకూ, చేతిపంపు ఊళ్లకూ మధ్య కొన్ని కిలోమీటర్లే దూరం, పిల్లల పళ్లలో మాత్రం ఇల్లినాయ్‌కీ పొదిలికీ ఉన్నంత తేడా. ఎయిమ్స్‌లో ఎ.కె. సుశీల ఏళ్ల తరబడి ఈ జబ్బు మీదే పనిచేశారు. ఆ సంస్థలోని దంతవైద్య కేంద్రమే ఇప్పుడు జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమానికి పెద్దదిక్కు. ఆ కార్యక్రమం 2014-15లో మొదలైంది. ఫ్లోరోసిస్ కార్యక్రమం అంతకు ముందే, 2008-09లో. రెండూ వేర్వేరు ఫైళ్లు. ఒకటి పుచ్చుల గురించి, ఒకటి గార గురించి. కొలరాడోలో ఒకే పన్నులో దొరికిన రెండు సంగతులివి.

ఇంతకీ మచ్చల పన్ను ఎందుకు పుచ్చదు? మనం తిన్న తీపిని నోట్లో క్రిములు ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపు తగిలినప్పుడల్లా పంటి పైపొర కాస్త కరుగుతుంది. ఉమ్మి దాన్ని మళ్లీ పూడుస్తుంది. పూడ్చేటప్పుడు కాస్త ఫ్లోరైడు అందుబాటులో ఉంటే కొత్తగా చేరిన పొర మొదటిదానికన్నా గట్టిది, మరింత పులుపుకి గానీ కరగదు. కాబట్టి ఫ్లోరైడు మేలు ఎక్కువగా పన్ను పైనుంచి తగిలితేనే, మింగితే కాదు. ఈ సంగతి డీన్ కాలంలో తెలియదు. పన్ను తయారయ్యేటప్పుడు ఒంట్లోకి పోతేనే లాభమనుకున్నారు. నిజానికి ఆ వయసులో ఎక్కువ మింగడం వల్ల జరిగేది నష్టమే: పైపొర కట్టే కణాల పని చెడి, సుద్దలాంటి బోలు పొర మిగులుతుంది. పన్ను బయటికొచ్చాక ఆ బోలులో రంగు చేరుతుంది, అదే గార. జబ్బు ముదిరితే ఆ పొర పెచ్చులూడి, పుచ్చడం కూడా జరుగుతుంది. సర్దార్జీ హాస్యానికి ఇదొక్కటే సవరణ. మేం నీళ్లు పంచుకోనక్కర్లేదు. మంచినీళ్లు ఇద్దరం తాగి, ఫ్లోరైడు పేస్టుతో తోముకుని ఉమ్మేస్తే సరిపోయేది.

మన చట్టం పేస్టులో ఫ్లోరైడు పది లక్షల పాళ్లకు వెయ్యికి మించకూడదంటుంది, ఎంతుందో గొట్టం మీద రాయాలంటుంది. చిన్నపిల్లలకు బియ్యపు గింజంత, కాస్త పెద్దవాళ్లకు బఠానీ గింజంత చాలు. టీవీ ప్రకటనలో బ్రష్షు పొడుగునా అల అలగా పరిచే పేస్టు పళ్ల కోసం కాదు, గొట్టం త్వరగా అయిపోవడం కోసం. గారపళ్ల ఊళ్లో పుట్టిన పిల్లవాడికి ఏ పేస్టు ఇవ్వాలో ముందు నీళ్లు చూసి చెప్పాలి. బఠిండా డాక్టరు అన్నను అడిగిన మొదటి ప్రశ్న అందుకే సరైన ప్రశ్న. వాళ్ల పంజాబులోనూ ఇదే బాధ. పాటియాలా వైద్యులు 1960ల్లోనే అక్కడి వంగిన వెన్నెముకల గురించి రాశారు.

అన్నకి ఆ కొలువు రాలేదు. పళ్ల వల్లని మేమెవరం అనలేదు. ఊళ్లోనే సేద్యం చేసుకున్నాడు. పెళ్లిచూపులకి పోయినప్పుడు నవ్వకుండా కూర్చున్నాడట, పిల్ల తరఫువాళ్లు పెళ్లికొడుకు గంభీరమైనవాడని మెచ్చుకున్నారట. ఆ పిల్లవీ గారపళ్లే. పెళ్లి ఫొటోలో ఇద్దరూ పెదవులు బిగించి ఉన్నారు.

పోయిన చలికాలం మనవణ్ని వెంటబెట్టుకుని ఢిల్లీ వచ్చాడు. కొడుకూ కోడలూ ఒంగోలులో ఉద్యోగాలు, పిల్లవాడు పుట్టిందీ పెరిగిందీ అక్కడే. ఏడేళ్లు, ముందు పాలపళ్లు ఊడి కొత్తవి దిగుతున్నాయి. మలై మందిర్ మెట్లమీద కూర్చున్నాం, ఎండ వెచ్చగా ఉంది. అన్న పిల్లవాణ్ని దగ్గరికి లాక్కుని, బొటనవేలితో పైపెదవి ఎత్తి, తల పక్కకి వంచి వెలుగులో చూశాడు, పొదిలి సంతలో కోడెదూడను చూసినట్టు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

"వదులు తాతా" అన్నాడు వాడు.

"ఉండరా. ఇంకా రెండు రావాలి" అన్నాడు అన్న. నవ్వుతున్నాడు, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయాడు.